ఏటి పక్క సాళ్లు

ధారవాడ,
ఆషాఢం, బుధవారం

అక్కకు, తమ్ముడు అంజినప్ప దండాలు పెట్టి రాస్తున్నది. నేను బాగున్నాను. నాయన దగ్గు తగ్గిందా? నీ మోకాలి వాపు ఎలా ఉంది? మందు మానకుండా పూసుకో. నా గురించి బెంగ పెట్టుకోవద్దు, నిజంగానే బాగున్నాను.

ఇక్కడ పది రోజులుగా జడివాన. బట్టలు ఆరడం లేదు. హాస్టల్లో రెండు పూటలా జొన్నరొట్టె. సంగటి లేక కడుపు నిండినట్టే ఉండదు. ఇంత వాన చూస్తుంటే ఏడుపొస్తుందక్కా. ఇందులో ఒక్క రోజు వాన మన నాగలమడికలో పడకూడదా!

నీ ఉత్తరం అందింది. "మోకాలు వాసుండాది, ఈసారి నీ చెట్లకు నీళ్లు ఎట్ల మోసేదప్పా?" అని రాశావు. ఆ మాట మళ్లీ మళ్లీ చదివాను.

పోయిన ఏడు మన చేలో నాలుగు రకాల శెనక్కాయ వేసి వచ్చాను కదా. వాన లేకున్నా ఏది తట్టుకుంటుందో చూడటానికే వేశాను. ఏటి పక్క సాళ్లలో వేసిన రకం పచ్చగా నిలిచింది, కాయ బాగా పట్టింది. లోకానికి తిండి చాలాలంటే ముందు మెట్టనేలలు పండాలని మా సారు ఎప్పుడూ అంటారు. ఆ కాయలు చూసి నా భుజం తట్టి, ఈ విత్తనం కరువు ఊళ్లన్నిటికీ పంపిద్దాం అన్నారు. నా ఎమ్మెస్సీ అంతా దాని మీదే.

నువ్వేమో ఏట్లో చెలమ తవ్వి, బిందెలతో మోసి పోశావు. చెలమకు దగ్గరని ఆ సాళ్లకే ఎక్కువ పోసి ఉంటావు. మిగతా మన చేను ఎండిపోతున్నా దానికి చెంబెడు పోయలేదు. నాయన తిడితే "తమ్మునిది సదువు నాయనా, అది ఎండిపోగూడదు" అన్నానని నువ్వే రాశావు.

తప్పు నాదే. నీళ్లు పోయొద్దని నీకు ఒక్క మాట చెప్పి రాలేదు. ముందు కోపం వచ్చిందక్కా, ఉత్తరం నలిపి పారేశాను. చెప్పకుంటే ఎవరికి తెలుస్తుందిలే అని రెండు రోజులు నోరు మూసుకున్నాను కూడా. కానీ ఆ విత్తనాన్ని నమ్మి నిడుగల్లులో, అరసికెరెలో జనం వేసుకుంటే, వాళ్ల చేలకు నీళ్లు మోయడానికి ఏ అక్క వస్తుంది? పోయి సారుకు చెప్పేశాను. ఆయన నేను రాసినదంతా కొట్టేసి, మళ్లీ మొదటి నుంచి వేయమన్నారు. చదువు ఇంకో ఏడాది పడుతుంది. నాయనకు మెల్లగా చెప్పు. నువ్వు ఏడవొద్దు.

విత్తనాలు బస్సులో పంపుతున్నాను. వాన పడగానే నాయనతో విత్తించు. ఈసారి ఎండేదాన్ని ఎండనివ్వు. నీ కళ్ల ముందే వాడిపోతున్నా ఒక్క చుక్క పోయొద్దు. నీతో అయ్యే పని కాదని తెలిసే అడుగుతున్నాను. అమ్మ పోయినాక నువ్వు నన్ను అట్లా చూస్తూ ఊరుకుని ఉంటే, నేనీపాటికి ఉండేవాణ్ణే కాదు.

నాయన పాదాలకు, పెద్దత్తకు నా దండాలు చెప్పు. నన్ను దీవించు.

ఇట్లు,
నువ్వు పెంచిన తమ్ముడు,
అంజినప్ప