వెనక ఎడమ చక్రం

అమ్మకు,

నీ పెద్ద కూతురు నమస్కారాలతో రాసేది. ఇక్కడ నేను, నాన్న ఒంట్లో బాగానే ఉన్నాం. పిన్ని చేతికర్రతో నాలుగడుగులు వేస్తోందని నువ్వు రాశాక ప్రాణం కుదుటపడింది. విరిగింది తుంటి ఎముక కదా, తొందరపెట్టకు.

నువ్వు అడిగినవాటికి జవాబులు. నాన్న మాత్రలు వేళకే వేసుకుంటున్నారు. పొయ్యి ఆర్పడం మళ్ళీ మరిచిపోలేదు. కారు తాళంచెవి నువ్వు చెప్పినట్టే కుట్టుమిషను సొరుగులో దాచాను. "కారు గొడవ మానేశారా?" అన్నావు. మానలేదు. ఫోన్లో చెబుదామంటే ఉన్నవి రెండు గదులు, ఆయనవేమో పాము చెవులు. అందుకే ఈ ఉత్తరం.

నువ్వు వెళ్ళిన వారానికే, తాళంచెవి ఇంకా దాచకముందే, మొదలుపెట్టారు. "బ్రేకు మెత్తబడిందే. పెడల్ నొక్కితే దూదిలో కాలు పెట్టినట్టుంది" అని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. రోజూ ఆఫీసుకి నడిపేదాన్ని నేను, నాకేమీ తేడా తెలియలేదు. ముప్పై ఏళ్ళు అంబులెన్సు నడిపిన మనిషి, రిటైరయ్యాక తోచక ఏదో ఒకటి పట్టుకున్నారనుకున్నాను. తర్వాత నిజంగానే భయమేసింది. నాకన్నా ముందు లేచి కారు పక్కన గొంతుక్కూర్చునేవారు. అడిగితే "ఏం లేదు" అనేవారు. ఒకరోజు ఊడుస్తుంటే ఆయన మంచం కింద పదకొండు అట్టముక్కలు దొరికాయి. ప్రతిదాని మీదా ఒక తేదీ, మధ్యలో ఒక మరక. ఎక్కడివక్కడే పెట్టేసి, ఆ రాత్రి నీకు "నాన్న మనసు బాగాలేదేమో" అని రాసింది అందుకే.

ఆయనకీ నా మీద అనుమానమే. నేను బయల్దేరుతుంటే గేటు దగ్గర నిలబడి నా మొహం కాదు, నా కుడికాలు చూసేవారు.

"తాళంచెవి ఎక్కడ పెడుతున్నావు?"

"ఎందుకు నాన్నా?"

"ఊరికే."

"ఊరికే అంటే?"

ఒకే ఇంట్లో దొంగా పోలీసులా తిరిగాం. ఎవరు దొంగో ఎవరు పోలీసో తెలియదు.

చివరికి వీధి చివర మెకానిక్ వచ్చి బానెట్ ఎత్తి దించి, "కారు బంగారంలా ఉంది పెద్దాయనా, మీరేం కంగారుపడకండి" అన్నాడు. నాన్న అతన్నీ నన్నూ మార్చి మార్చి చూసి లోపలికి వెళ్ళిపోయారు.

పోయిన గురువారం, మనిద్దరం అనుకున్నట్టే, కళ్ళ పరీక్ష అని అబద్ధం చెప్పి ఆ మతిమరుపు డాక్టరు దగ్గరికి బయల్దేరదీశాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని పక్కన కూర్చున్నారు. పెద్దాసుపత్రి వైపు వాలులోకి తిరగగానే, "కళ్ళ డాక్టరు ఇటు కాదుగా" అన్నారు.

"కొత్త డాక్టరు నాన్నా."

"ఓహో" అన్నారు. అంతే.

కింద ఎర్రలైటు పడింది. ఒకాయన పసిబిడ్డను పిల్లల తోపుడుబండిలో పెట్టుకుని రోడ్డు దాటుతున్నాడు. బ్రేకు నొక్కాను. పెడల్ నేలకంటుకుంది. మళ్ళీ నొక్కాను. కారు ఆగలేదమ్మా. "గేరు దించు!" అని నాన్న అరవడం, హ్యాండ్‌బ్రేకు లాగడం ఒకేసారి జరిగాయి. కారు మూలుగుతూ వెళ్ళి ఆ బండికి జానెడు దూరంలో ఆగింది. బండి తోస్తున్న మనిషి బిడ్డ మీద దుప్పటి సర్దుకుని వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

కారును లారీ మీద ఎక్కించి ఇంటికి తెచ్చాం. "మెకానిక్‌ని పిలవనా?" అన్నాను.

"ఏ మెకానిక్‌ని?" అని సూటిగా చూశారు. తలొంచుకున్నాను. "రేపు పాతబట్టలు వేసుకుని రా. నొక్కడానికి ఒక కాలు కావాలి."

మర్నాడు పొద్దున్నే ముందు చక్రాలకి రాళ్ళు అడ్డంపెట్టి, జాకీతో వెనక భాగం లేపి, జాకీని నమ్మకూడదని కింద చెక్కదిమ్మలు కూడా పెట్టారు. వెనక ఎడమ చక్రం ఊడదీసి, దాని వెనక మూతలా ఉండే డ్రమ్ము లాగితే లోపలంతా తడి. చిటికెనవేలంత సిలిండరు, దాని రబ్బరు చిట్లి బ్రేకాయిల్ చుక్క చుక్కగా కారిపోతోంది. కారినకొద్దీ లోపలికి గాలి చేరుతుందట, అందుకే పెడల్ మెత్తబడుతుందట. రోజూ రవ్వంత తగ్గుతుంటే కాలు అలవాటు పడిపోతుంది, అందుకే నాకు తెలియలేదు. కొత్త సిలిండరు బిగించి, డ్రమ్మును ఒరిసి ఆపే బ్రేకు షూలు తడిసిపోతే అవీ మార్చారు. ఇక గాలి తీయాలి. నేను సీట్లో, ఆయన చక్రం దగ్గర పడుకుని ఒక గొట్టాన్ని సీసాలో ముంచి పట్టుకున్నారు.

"నొక్కు."

"నొక్కాను."

"పట్టుకో. వదలమనేదాకా వదలకు... బుడగలు వస్తున్నాయి. ఊఁ, వదులు."

అమ్మా, నీకు చెప్పనిది ఒకటుంది. ఆ మెకానిక్ కారు చూడనేలేదు. ముందురోజే నేను అతని షెడ్డుకి వెళ్ళి, "మా నాన్నకి మతి సరిగా లేదు, ఊరికే బానెట్ ఎత్తి బాగుందని చెప్పు చాలు" అన్నాను. ఆ బిడ్డకి ఏదైనా అయ్యుంటే చేసింది నేనే. సీట్లో కూర్చుని, ఆయన మొహం కనబడదన్న ధైర్యంతో, ఇదంతా చెప్పేశాను.

కింద సీసాలో గొట్టం సర్దుకున్న చప్పుడైంది. తర్వాత "నొక్కు" అన్నారు. నొక్కాను.

"తెలుసు. నాతో గట్టిగా, విడమరిచి మాట్లాడాడుగా. అంబులెన్సులో మతి తప్పినవాళ్ళతో నేనూ అలాగే మాట్లాడేవాణ్ణి" అన్నారు. ఆగి, "నేను మతిమరుపు మనిషినే. పొయ్యి మరిచిపోయింది నేనే. అందుకే నా కాలు చెప్పింది నేనే నమ్మలేకపోయాను. రోజూ చక్రం కింద అట్టముక్క పెట్టి, పడ్డ మరక మీద తేదీ రాసుకుంది నీకు చూపించడానికి కాదు, నాకు నేను చూపించుకోవడానికి."

నాకు ఏడుపొచ్చింది. "కాలు వదలకు, గాలి లోపలికి పోతుంది" అని కసిరారు.

నాలుగు చక్రాలూ అయ్యేసరికి మధ్యాహ్నమైంది. పెడల్ ఇప్పుడు రాయిలా ఉంది. మంగళవారం డాక్టరు దగ్గరికి వెళుతున్నాం. కళ్ళకి కాదు, మతిమరుపుకే. ఆయనే వస్తానన్నారు. దారి పొడుగునా నడిపేది మాత్రం నేనే, అదీ ఆయన చెప్పిందే.

ఇకమీదట ఆయన ఎలా ఉన్నారో నన్నడగకు, ఆయన్నే అడుగు. ఈ ఉత్తరం మొత్తం ఆయనకి చదివి వినిపించాకే కవరులో పెడుతున్నాను.

ఇట్లు,
నీ పెద్దమ్మాయి