ఖాళీ డ్రమ్ములోని గ్యాసు వాసన

విశాఖపట్నం జిల్లా కలెక్టరు గారి సముఖమునకు, వన్‌టౌన్‌లో అత్తరు దుకాణము నడుపుకొను పీర్ మహమ్మద్ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా వీధిలో పదకొండు రోజులు గ్యాసు వాసన కొట్టించి, ప్రస్తుతం కనిపించకుండా పోయిన నీలిరంగు డ్రమ్మును వెంటనే వెతికించుట గురించి.

1. నేను నలభై ఒక్క సంవత్సరములుగా అత్తర్లు అమ్ముచున్నాను. గత నెల మూడవ తేదీ ఉదయం దుకాణము తెరవగానే గ్యాసు లీకయిన వాసన తగిలినది. వీధిలో ప్రతివారూ ముందు తమ సిలిండరును, తరువాత పక్కింటి సిలిండరును అనుమానించిరి. ఏడు ఇండ్లవారు ట్యూబులు మార్చిరి. వాసన తగ్గలేదు. అప్పుడు నన్ను అనుమానించిరి. "మీ అత్తర్లేవో మురిగిపోనాయేటి భాయ్, ఓపాలి సూసుకోండి" అని ఎదురింటి శ్రీరామ్మూర్తి గారు అన్నారు. సీసాలన్నీ మూతలు తీసి చూపించుకోవలసి వచ్చినది.

2. తమ కార్యాలయములో ఇచ్చిన ఫిర్యాదు మీద ఐదవ రోజున ఇద్దరు మనుషులు గ్యాసు కొలుచు మీటరుతో వచ్చిరి. మీటరులో సున్నా వచ్చినది. "ఎండుచేపల వాసన" అని కాగితము మీద వ్రాసుకొని వెళ్ళిపోయిరి. ఎండుచేపల వాసన ఈ ఊరిలో పుట్టినవానికి తెలియదా? మీటరైనా పాడై ఉండవలెను, వారినెవరైనా మంచి చేసుకొని ఉండవలెను అనుకొంటిని.

మధురవాడ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పు నా కుమార్తె మాహిరా ఆ ఆదివారం వచ్చి, "మీటరు అబద్ధం చెప్పలేదు అబ్బాజాన్, మీరూ చెప్పలేదు" అన్నది. వంటగ్యాసుకు తనంతట వాసన ఉండదట. లీకైతే తెలియుటకు ఇథైల్ మెర్కాప్టాన్ అను గంధకపు రసాయనమును అందులో చుక్కలుగా కలుపుదురట. ఉల్లి, వెల్లుల్లి ఘాటులకు కారణమైనవి కూడా దాని చుట్టములేనట. వంద కోట్ల పాళ్ళ గాలిలో ఒక పాలున్నా దానిని ముక్కు పట్టును, మీటరు పట్టదు. అనగా మా వీధిలో ఉన్నది గ్యాసు కాదు. గ్యాసుకు కలుపు వాసన మాత్రమే.

3. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగినప్పుడు వాసన హెచ్చుట గమనించి, గాలికి ఎదురు నడిచితిని. వీధి చివర నీలకంఠం గారి పాత ఇనుము కొట్టులో నీలిరంగు డ్రమ్ము కనబడినది. దాని మీది చీటీని ఎవరో గోకి తీసివేసి ఉన్నారు. "ఖాళీ డ్రమ్ము భాయ్. ఏటుంటాది అందులో?" అని ఆయన అన్నారు. ఖాళీ డ్రమ్ము మీది చీటీ గోకవలసిన అవసరమేమి? అడుగున ఆ రసాయనము గరిటెడు మిగిలినా వీధికంతకూ చాలునని మాహిరా చెప్పినది. నేను మరల ఫిర్యాదు చేయగా, సున్నా వచ్చిన చోటికి రెండవసారి రానక్కరలేదని ఫోనులో సెలవిచ్చిరి.

4. పదకొండవ రోజు ఉదయం మా పక్కింటి తాయారు గారి వంటింట్లో ట్యూబు నిజముగానే చిట్లినది. ఆమెకు వాసన వచ్చినది. అయినను టీ పెట్టుటకు అగ్గిపుల్ల గీసినది. నేను, శ్రీరామ్మూర్తి గారు దుప్పటి కప్పి బయటకు తెచ్చునప్పటికి రెండు చేతులు, మెడ కాలినవి. ప్రాణభయము లేదని డాక్టర్లు అన్నారు. కుడిచేతి వేళ్ళు మాత్రం నేటికీ ముడుచుకొనుట లేదు. ఆసుపత్రిలో పోలీసువారు అడుగగా, "రోజూ వచ్చీ వాసనే గదా అనుకున్నాను బాబూ" అని మాత్రమే చెప్పినది.

5. మరునాటికి డ్రమ్ము లేదు. "ఏ డ్రమ్ము భాయ్? నాను డ్రమ్ములే కొనను" అని నీలకంఠం గారు అన్నారు. మూడు రోజులకు వాసన పోయినది. వీధివారు సంతోషించిరి గాని నాకు సంతోషము కలుగలేదు. టీ కొట్టు రోజారమణిని అడుగగా, "గాజువాకోలు ఎవులో ఆటో ట్రాలీలో ఏసుకెల్లారు, నీళ్ళు పట్టుకోడానికంట" అన్నది. అనగా ఈపాటికి అక్కడ ఏదో వీధిలో జనము తమ సిలిండర్లను అనుమానించుచు ఉందురు. మరి నాలుగు రోజులకు అనుమానించుట మానివేయుదురు. అయ్యా, నా భయమంతయు ఆ మానివేయు రోజు గురించియే.

కావున ఆ డ్రమ్మును వెతికించి, ఆ పని తెలిసినవారిచేత శుద్ధి చేయించవలెను. మీటరులో సున్నా వచ్చినను సరే, వాసన వచ్చిన ప్రతిసారీ ముందు సిలిండరు కట్టివేయవలెనని గాజువాక వీధులలో మైకు పెట్టించి చెప్పించవలెను. ఈ కాగితమును ఎండుచేపల కాగితముతో కలిపి కట్టివేయుదురేమోనని నాకు అనుమానము గనుక నకళ్ళు మూడు ఉంచుకొన్నాను. తప్పులున్న మన్నించి, ఆలస్యము కానీయక చిత్తగించవలెను.

తమ విధేయుడు,
పీర్ మహమ్మద్

తా.క.: నాలుగవ అంశంలో ఒక మాట దాచాను. ప్రమాదానికి ముందు రోజు సాయంత్రం తాయారు మా గుమ్మం దగ్గరకొచ్చి, "ఈయేల గేసు వాసన మా ఇంట్లోనే ఎక్కువగున్నాది భాయ్, బయ్యమేస్తంది" అంది. నేను మా అమ్మాయి చెప్పిన కెమిస్ట్రీ అంతా ఆమెకు వినిపించి, "అది గ్యాసు కాదమ్మా, నిశ్చింతగా పొయ్యి వెలిగించుకో" అన్నాను. లోపలికెళ్ళి ఒక్కసారి ట్యూబు చూడలేదు. ఆ సంగతి ఆమె పోలీసులకు చెప్పలేదు. నిన్న నేనే ఎత్తితే, "ఒగ్గీండి భాయ్, ఇప్పుడెందుకది" అని కట్టున్న చేతిని పమిట కింద పెట్టుకుంది. విచారణలో నీలకంఠం పేరు రాసినప్పుడు దాని కింద నా పేరూ రాయించండి.