టీ గ్లాసులు ఎవరు కడగాలి

అమ్మా, నేను నిక్షేపంలా ఉన్నాను. టీవీలో అరుపులు విని బెంగపెట్టుకోకు.

మా పైలట్ల గదిలో ఒక కట్టుబాటు ఉంది. రాజకీయాలు ఎవరెత్తితే వాళ్లే అందరి టీ గ్లాసులూ కడగాలి. మనింట్లోనూ పెడితే బావ చేతులు నానిపోతాయి! నిన్న టీవీలో ఒకాయన బల్ల గుద్ది మరీ, "ఇక యుద్ధం ఒక్కటే దారి" అన్నాడు. వెనకటి యుద్ధంలో విమానం నడిపిన మా పెద్దాయన లేచి, టీవీ కట్టేసి, గ్లాసులన్నీ పోగుచేసుకుని కుళాయి దగ్గరికి వెళ్లాడు.

"మీరేం మాట్లాడలేదు కదండీ?" అన్నాను.

"మనసులో చాలా మాట్లాడేశానమ్మాయ్" అన్నాడు. నేను పక్కన నిలబడి తుడిచాను.

ప్రయాణికుల విమానాల్లో ఉద్యోగం సంగతి అడిగావు. అక్కడ జీతమూ ఎక్కువే, నిద్రా ఎక్కువే. కానీ ఇప్పుడు నేను తప్పుకుంటే నా వంతు పక్కవాళ్ల నెత్తిన పడుతుంది. ఈ గొడవ సద్దుమణిగాకే ఆ మాట. కోప్పడకు.

నాన్న కళ్లజోడు మార్పించుకున్నారా, ఇంకా దారం కట్టుకునే తిరుగుతున్నారా? నా ఉన్ని మేజోళ్లు పంపు, పైన చలి ఎముకలు కొరికేస్తోంది. అక్క చంటిదానికి ముద్దులు.

సెలవు దొరకగానే వస్తాను. వచ్చిన రోజు గ్లాసులన్నీ నేనే కడుగుతాను. ఎందుకే అని అడక్కు. పక్కన నిలబడి తుడువు, చాలు.

నీ చిన్నకూతురు