బండికి నీళ్లు పోసినంక

అమ్మకు, బాపుకు మీ పద్మ దండం పెట్టి రాస్తున్న. అందరు మంచిగున్నరా? బాపు కండ్ల మసకకు దవాఖానకు పోయిండా? అన్న, వదిన ఎట్లున్నరు? ఈడ మేమిద్దరం మంచిగనే ఉన్నం. ఫికర్ చేయకు.

ఫోన్ల మాట్లాడితే నువ్వు ఏడుస్తవు. నాకేమో ఏం చెప్పాల్నో తెల్వది. గందుకే రాస్తున్న. నువ్వు కూడబలుక్కుంట చదువుతవని అక్షరాలు పెద్దగ రాసిన.

మేళ్లచెరువుల ఎండ ఇంక తగ్గలే. సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము రోజూ పడతది. పొద్దున ఊడ్చిన వాకిలి పగటికి తెల్లగైతది. వండుతున్న, తింటున్న. వానకాలంల కడుపు పోయినంక డాక్టరమ్మ రాసిచ్చిన గోలీలు అయిపోయినయి. నడుము నొప్పి లేదు. నొప్పి లేదు, ఏం లేదు. మేము కిరాయికున్న ఇంటామె బతుకమ్మ ఆడ రమ్మని పిలిచింది. పోయి నిలబడ్డ. ఆడలే.

బండి సంగతేందని అడిగినవు గద, చెప్త.

దసరాకు ఆయుధపూజ చేసినం. మన ఇంట్ల మగ్గాన్ని పొడిగుడ్డతోని తుడిచి బొట్టు పెడతం. మీ అల్లునికి మగ్గం లేదు, కారే ఉన్నది. బానెట్ లేపితే ఇంజను మీద సిమెంటు దుమ్ము మందంగ పేరుకున్నది. "పూజకు లోపల గూడ మెరవాలె" అని పైపుతోని నీళ్లు కొట్టిండు. నేను పసుపు, కుంకుమ పెట్టిన. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిచ్చిండు.

తెల్లారి తాళం తిప్పి చాలు చేస్తే బండి వణుకుతాంది. ఆగి ఆగి కొట్టుకుంటాంది, ఎత్తు మీద గుంజుతలేదు. ఫ్యాక్టరీ డ్యూటీవాళ్లను కోదాడ నుంచి తెచ్చే కిరాయి ఆ బండితోనే. అండ్ల కూసున్నోళ్లు "నీ బండికి చలిజరం వచ్చిందానే" అని నవ్విండ్రట. కిరాయి ఇచ్చే శేఠ్ మాత్రం నవ్వలే. "సోమారం మంచిగొస్తెనే రా. లేకుంటే వేరే బండి పెట్టుకుంట" అన్నడట.

ఆయన ఇంటికొచ్చి, "ఇది పోతే నేను మా అన్నతోని బొంబాయి పోత. నువ్వు మీ అమ్మకాడికి పో" అన్నడు. నేను సరే అన్న. గా మాట ఫోన్ల చెప్తెనే నువ్వు, నన్ను తోలుకపోను మన అన్నను పంపుత అన్నవు. దానికి గూడ సరే అన్న.

ఆదివారం ఇంటి ముందట్నే పని పెట్టుకున్నడు. మెకానిక్ పండుగకు ఊరికి పోయిండు, ఇంక రాలే. ముందుగాల ఇంజను గాలి పీల్చుకునే జాలి ఇప్పి దుమ్ము దులిపిండు. ఏం మారలే. పెట్రోలుల నీళ్లు కలిపిండ్రని బంకోన్ని తిట్టబట్టిండు.

ఇంటామె అరుగు మీద కూసోని చూస్తాంది. "వాన్నెందుకు తిడుతవు నర్సింలూ, నీళ్లు కొట్టింది నువ్వు గాదా?" అన్నది.

ఆయన మళ్ల బానెట్ల తల పెట్టి చూసిండు. నన్ను పిలిచిండు.

ఇంజనుకు మూడు ప్లగ్గులుంటయట. ఒక్కోదానికి ఒక వైరు. ఇంజను నడుస్తుండంగనే ఒక్కో వైరు పీకి చూడాలె. పీకంగనే సప్పుడు ఇంక చెడితే ఆ ప్లగ్గు పనిచేస్తున్నట్టు. మారకుంటే గదే చచ్చినట్టు. "నేను పీకుత, నువ్వు విను. మగ్గం సప్పుడుల పెరిగినదానివి" అన్నడు. వాడంత చూస్తాంది. కొంగు కప్పుకొని నిలబడ్డ.

చేతికి మందంగ గుడ్డ చుట్టుకొని మొదటిది పీకిండు. ఇంజను ఆగబోయింది.

"మారింది" అన్న.

"జర గట్టిగ చెప్పు, ఇనొస్తలేదు."

"మారింది."

రెండోది పీకిండు, మారింది. మూడోది పీకిండు. ముందు ఎట్ల కొట్టుకుందో గట్లనే కొట్టుకుంటాంది. పెట్టి మళ్ల పీకిండు.

"మారలే" అన్న. "అది ఉన్నా లేకున్నా ఒకటే."

బంద్ చేసి చూస్తే, ఆ ప్లగ్గు కూసున్న గుంతల నీళ్లు నిలిచి, సిమెంటు దుమ్ము కలిసి, గోడకు పూసినట్టు గట్టిపడ్డది. తడి పట్టుకొని కరెంటు పక్కకు పోతాంది, ప్లగ్గు కొసకు అందుతలేదు అన్నడు. గుంతల ఆయన చెయ్యి పట్టది. పుల్లతోని, పాత పండ్ల బ్రష్షుతోని నేనే గీకిన. పెళ్లలు ఇంజన్ల పడకుండ సైకిల్ పంపుతోని గాలి కొట్టి, అప్పుడు ప్లగ్గు ఇప్పిండు. కొస నల్లగ, పెట్రోలు తడితోని ఉన్నది. తుడిచి ఎండకు పెట్టినం. దాని వైరుకుండే రబ్బరు మూత పగిలింది. బస్సుల కోదాడ పోయి కొత్త వైరు తెచ్చిండు.

బిగించి చాలు చేసిండు. నన్ను అడగలే. నేనే "ఇప్పుడు మూడు కొడుతున్నయి" అన్న.

ఇంటామె లేసి, "ఇగ బండికి తానం పోయకు బిడ్డా, నువ్వు పోసుకో, వాసనొస్తున్నవు" అన్నది. ఆయన నవ్విండు. నాకు నవ్వు రాలే గని, గది నవ్వే మాటని తెలిసింది.

సోమారం శేఠే బండి ఎక్కి ఒక చక్కర్ తిప్పిచ్చిండట. మంచిగుందనలే, లేదనలే. "రేపు గూడ ఇదే టైముకు రా" అన్నడట. ఆయన గది చెప్పి తినకూసున్నడు. నాకు సంతోషం కావాలె. అయితలేదు. ఆయన నా పళ్లెంల ఇంకింత అన్నం పెట్టిండు. తిన్న.

ఎవరన్న ఇటు దిక్కు వస్తే జొన్నపిండి పంపు. ఈడి పిండితోని రొట్టె విరుగుతాంది. బాపును కండ్లు చూపిచ్చుకొమ్మని నా మాటగ చెప్పు. ముసలవ్వకు నా దండం.

అన్నను మాత్రం పంపకు అమ్మా. ఈడుంటే నాకు బాగైతదో లేదో తెల్వది. ఆడికొస్తే బాగైతదో లేదో గది గూడ తెల్వది. కాని పొద్దుగాల ఆయన బండి చాలు చేసి నా దిక్కు చూస్తుండు. నేను గడపల నిలబడి విని, మంచిగుంది పో అంటున్న. అన్నంకనే పోతుండు.

మా ఇద్దరి మీద మీ దీవెన ఉండనియ్యి.

మీ బిడ్డ
పద్మ