సగమే ఇచ్చిన గింజలు

అమ్మా, జ్వరం పూర్తిగా తగ్గింది, ఆకలి కూడా పుడుతోంది, నువ్వు బెంగ పెట్టుకోకు.

ఇక్కడో ఘనకార్యం చేశాను. మందుల్లేని సాగు చేసే చిన్న రైతు కుటుంబాల దగ్గర పాతరకం గింజలు తీసుకుని, దాచి, అదనుకు అందరికీ పంచడమే కదా మా సంస్థ పని. ఒక పెద్దామె ఇచ్చిన చిక్కుడు గింజల్ని సరిగ్గా ఎండనివ్వకుండానే ప్లాస్టిక్ డబ్బాలో పోసి మూత బిగించాను. నిన్న తీసి చూస్తే అన్నీ బూజు! ఆ రకం ఇంకెవరి దగ్గరా లేదు. ఏడుపు మొహంతో వాళ్ళింటికి వెళ్ళి చెప్పాను.

ఆమె నవ్వేసి, "ఊరుకో పిల్లా! నీ డబ్బా మీద నాకు మొదట్నుంచీ నమ్మకం లేదు, అందుకే సగమే ఇచ్చాను" అంటూ అటక మీంచి కుండ దింపింది. అందులోని బూడిదలో చెయ్యి పెట్టి గింజలు తీసింది. ఒక్కదానికీ పురుగు లేదు.

ఆ బూడిద చూడగానే మన ఇల్లు గుర్తొచ్చింది. కిందటిసారి వచ్చినప్పుడు మన వంటింటి మూలనున్న కుండలో బూడిదేగా అని పెంటమీద కుమ్మరించి, కుండ కడిగి బోర్లించాను. అందులో నీ గింజలున్నాయా అమ్మా? "కుండ భలే కడిగావే" అన్నావు తప్ప నన్ను ఒక్క మాటా అనలేదే!

నాన్న మోకాలు ఎలా ఉంది? తమ్ముడు కంచె కట్టాడా? నాన్నకి నమస్కారాలు, వాడికి ఆశీస్సులు.

పెద్దామె నీకోసం గుప్పెడు గింజలిచ్చింది, వచ్చేవారం తెస్తాను. బూడిద సిద్ధంగా ఉంచు. కాపు వచ్చాక నాకూ ఇద్దువుగాని, సగమే.

నీ పెద్దది