అక్క మణికట్టు వంగలేదు

నాన్నా, అమ్మా,

ఇద్దరికీ దండాలు. నేనూ అక్కా ఇక్కడ బాగానే ఉన్నాం. మీ ఒంట్లో ఎలా ఉంది? నాన్న నడుం నొప్పి తగ్గిందా? మామ్మ మందులు వేసుకుంటోందా? ఫోన్లో అయితే నాకు మాట రాదు, మీకు తెలుసుగా. అందుకే టైపు చేస్తున్నాను. తప్పులుంటే ఏమనుకోకండి. బాబాయి చేత చదివించుకోండి.

హైదరాబాద్‌లో చలి మొదలైంది. గాలి పొడిగా ఉండి పెదాలు పగిలిపోతున్నాయి. నా పని మన ఊరి పనే, కొట్లో కొబ్బరికాయలు ఒలవడం. ఓనరు గారిది మండపేట. మంచాయనే. "ఏరా, నోట్లో నాలుక తెచ్చుకున్నావా, రాజోలు బస్టాండులో వదిలేసి వచ్చేవా?" అని రోజూ ఏడిపిస్తారు. నేను నవ్వి ఊరుకుంటాను. అన్నం బాగానే తింటున్నాను, బెంగ పెట్టుకోకండి. సాయంత్రాలు మాత్రం మీరు గుర్తొస్తారు. ఎవరైనా ఇటు వస్తుంటే కాసిని ఎండు రొయ్యలు పంపండి.

అసలు సంగతి అక్కది. వాళ్ళ ఆసుపత్రిలో ఐసీయూ నర్సులకి ఒక ట్రైనింగ్ పెట్టారు. ఊపిరి ఆడని మనిషికి గొంతులోకి గొట్టం వెయ్యడం. డాక్టరు వచ్చేలోపు ఆలస్యం కాకూడదని నర్సులకీ నేర్పుతున్నారు. ముందు బొమ్మ మీద చెయ్యాలి. ఎడమ చేత్తో ఒక ఇనప బద్ద పట్టుకుని, నాలుక పక్కకి తోసి, దవడ పైకి లేపి, లోపల దారి కనిపించాక గొట్టం దింపాలి. ఆ బద్ద పై పళ్ళని నొక్కితే బొమ్మ టక్‌మంటుంది. టక్‌మంటే నిజం మనిషికి పన్ను విరిగినట్టే లెక్క.

మొదటిసారి పరీక్షలో అక్క ఫెయిలయింది. రెండోసారీ పోతే ఐసీయూ నుంచి తీసేసి మామూలు వార్డుకి పంపేస్తామన్నారు. అక్క రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

"మణికట్టు వంచకమ్మా అని వందసార్లు చెప్పేరురా. వంచకూడదనే అనుకుంటాను. లోపలికెళ్ళాక చెయ్యి దానంతటదే తిరిగిపోతోంది," అని ఫోన్లో వీడియో చూపించింది. తోటి నర్సు తీసిందట. నేను మూడుసార్లు చూశాను. నాకు నవ్వొచ్చింది.

"ఎందుకురా ఇకిలిస్తావు?"

"అక్కా, నువ్వు కాయ ఒలుస్తున్నావు."

అవును నాన్నా. సెలవుల్లో నీ పక్కన నిలబడి ఒలిచేది కదా. గునపానికి కాయ గుచ్చి, మణికట్టు తిప్పి పీచు విరిచేది. ఆ చెయ్యే ఇక్కడా తిరుగుతోంది. అక్క తన చెయ్యి తిప్పి చూసుకుంది.

"మరి ఎలారా?"

"లారీ మీదోడికి కాయల గంప అందిస్తాం చూడు. మణికట్టు తిప్పితే కాయలు మన నెత్తినే పడతాయి. చెయ్యంతా ఎదరకీ పైకీ వెళ్ళాలి. అలా లేపు."

మణికట్టు మీద చెక్క స్కేలు పెట్టి తువ్వాలుతో బిగించి కట్టాను. బద్దకి బదులు గరిటె పట్టుకుని, దానికి నీళ్ళ సీసా వేలాడదీసి, వారం రోజులు లేపుతూనే ఉంది. తల ఎలా పెట్టాలో, దవడ ఎలా పట్టాలో నా మీదే చూసుకునేది. నేను నేల మీద పడుకునేవాణ్ణి. "కదలకు, నీకు స్పృహ లేదు," అనేది. "మరి ఆకలెందుకేస్తోంది?" అన్నాను. ఆ రోజే మళ్ళీ నవ్వింది.

నిన్న పరీక్ష అయింది. పరీక్ష పెట్టే డాక్టరమ్మ గారు కావాలనే బొమ్మ నాలుక ఉబ్బేలా గాలి కొట్టి పెట్టారట. అక్క బద్ద పెట్టి లేపింది. టక్‌మనలేదు. కానీ దారి కనపడలేదు. అందరూ చూస్తున్నారు. ఇంకాస్త బలంగా లాగితే కనపడేదేమో, అక్క లాగలేదు. బద్ద బయటికి తీసేసి, బొమ్మ మూతికి మాస్కు పెట్టి, గాలి బ్యాగు నొక్కి ముందు ఊపిరి ఇచ్చింది. తల కింద ఇంకో గుడ్డ మడిచి పెట్టి మళ్ళీ లేపింది. ఈసారి గొట్టం వెళ్ళింది. ఛాతీ రెండు వైపులా సమానంగా లేచింది. ఒక్కసారి కూడా టక్‌మనలేదు నాన్నా.

"గొట్టం వెయ్యడం ఎవరికైనా నేర్పొచ్చమ్మా. మధ్యలో ఆపి ఊపిరివ్వడానికి ధైర్యం కావాలి. పాసయ్యావు," అన్నారట డాక్టరమ్మ గారు. "అవునూ, నీ చెయ్యి ఎవరు మార్చారు?" అని కూడా అడిగారట.

"మా తమ్ముడండి. కొబ్బరికాయలు ఒలుస్తాడండి. మాకు నేర్పింది మా నాన్న గారండి."

అందరి ముందూ అలా చెప్పిందట. నాకు సిగ్గేసింది. అయినా ఏమని చెప్పిందో ఇంకోసారి చెప్పించుకున్నాను.

సోమవారం నుంచి అక్కకి ఐసీయూలోనే డ్యూటీ. ఇంక తీసెయ్యరు. మామ్మకీ, బాబాయికీ, పిన్నికీ నా దండాలు చెప్పండి. మా ఇద్దరినీ చల్లగా ఉండమని దీవించండి.

ఇంకో మాట. ఆదివారం అక్కే ఫోన్ చేసి ఇదంతా చెబుతుంది. నేను ముందే చెప్పేసినట్టు తెలిస్తే చంపేస్తుంది. కొత్తగా విన్నట్టే వినండి. నాన్నా, నువ్వు మాత్రం ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఏడవకు. అక్కకి తెలిసిపోతుంది.

మీ అబ్బాయి
సత్తిబాబు