కోటు తీయించాం, మావా

మావా,

నువ్వు పోయేనాటికి ఇంట్లో నీ ఫొటో ఒక్కటే ఉంది. సూర్యలంక ఒడ్డున, చొక్కా లేకుండా, భుజాన వలతో నవ్వుతున్నది.

"చొక్కా లేని ఫొటో గోడకి పెడతారేంటే? నలుగురూ ఏమనుకుంటారు?" అంది మీ అమ్మ. బాపట్ల స్టూడియోవాళ్ళు దాని నకలు మీద నీకు నల్ల కోటు, టై తగిలించి ఇచ్చారు. బతికుండగా బనీనే ఉక్కపోత అనేవాడివి. ఇన్నేళ్ళూ ఆ కోటుకే దండ వేశాను.

మొన్న టీవీలో సినిమా చూస్తుంటే, హీరో నడుం పైన నూలుపోగు లేకుండా నడిచొచ్చాడు. అత్త సిగ్గుపడి లేచిపోతుందనుకున్నాను. కళ్ళజోడు సర్దుకుని మరీ చూసింది.

"వీడిదేం ఒళ్ళే, ఎండ మొహం చూడంది! మనోడే బాగుంటాడు," అంది. గోడ మీది నీ ఫొటో వైపు తిరిగి, "ఆ కోటు తీయించెయ్యవే. పిల్లోడికి ఉక్క," అంది.

ఇవాళ నీ సంవత్సరీకం. నా ట్రంకుపెట్టెలోని పాత ఫొటోనే పెద్దది చేయించి గోడకి పెట్టాం. వల తాడు ఒరిసి కాయకాచిన నీ ఎడమ భుజం మళ్ళీ కనిపించింది. దండ వేస్తే అది మరుగైపోతుంది. అందుకే ఈసారి పూలు ఫొటో కింద పెట్టాను.